ఒంటికీ గడువు కావాలి

2024 డిసెంబరు మొదటి ఆదివారం. పొద్దున్నే మా అక్క ఫోను.

"తమ్ముడూ, పిల్లోడు కుంటుతున్నాడురా. అడిగితే ఏం లేదంటాడు. నువ్వొకసారి వచ్చి చూసిపో" అంది.

అక్క వాళ్లది గురజాల దగ్గర ఓ పల్లెటూరు. నేను ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని పరిగెత్తించినవాణ్ని. అందుకని మా చుట్టాల్లో ఎవరి కాలు బెణికినా, ఎవరి నడుం పట్టేసినా ముందు ఫోను నాకే వస్తుంది. డాక్టరు తర్వాత.

వెళ్లి చూద్దును కదా, మేనల్లుడు మంచం మీద కూర్చుని కాలికి ఏదో నూనె మర్దనా చేసుకుంటున్నాడు. పక్కన నొప్పి బిళ్లల అట్ట. పదిలో ఏడు ఖాళీ.

వాడి కథ ఈ జిల్లాలో చాలా ఇళ్లలో ఉన్నదే. కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ రాశాడు, పాసయ్యాడు. ఆ ఊపులో రోజూ పొద్దున్నే లేచి పరిగెత్తేవాడు. దేహదారుఢ్య పరీక్షలు ఇవాళా రేపూ అంటూ దాదాపు రెండేళ్లు సాగాయి. కుర్రాడు ఎన్నాళ్లని పరిగెత్తుతాడు? మిర్చి కోతలకు వెళ్లాడు, బండి నడిపాడు, పరుగు మానేశాడు. తీరా ఫిజికల్స్ దగ్గర పడ్డాయన్న మాట వినపడగానే, దీపావళి వెళ్లిన మర్నాటి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. ఎలా? మొదటిరోజే తారురోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం మళ్లీ అంత. వారానికి ఏడు రోజులూ.

"మొదట్లో బాగానే ఉంది మావయ్యా. రెండు వారాల్లో ఊపిరి అందేసింది. ఎనిమిది నిమిషాల్లోకి వచ్చేశా. ఆ తర్వాతే కాలు పట్టుకుంది" అన్నాడు.

ఈ మాటలోనే అసలు సంగతంతా ఉంది. ఊపిరి ముందు వస్తుంది. ఎముక వెనకాల వస్తుంది. ఈ రెండిటి మధ్య ఉన్న ఎడంలోనే కుర్రాళ్లు దెబ్బతింటారు. ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

లోపల ఏం జరుగుతుంది?

ఊరికే కూర్చుని ఉన్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. అదే గట్టిగా పరిగెత్తేటప్పుడు మామూలు ఆరోగ్యం ఉన్న యువకుడి గుండె 20 లీటర్ల దాకా తోడగలదు. కూర్చున్నప్పుడు కండరాలకు అందేది అందులో ఐదోవంతు. పరుగులో ఉన్నప్పుడు ముప్పాతిక వంతుకు పైగా అటే పోతుంది. పొట్టకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది. కడుపునిండా తిని పరిగెత్తితే వికారం పెట్టేది అందుకే.

క్రమంగా పరిగెత్తడం అలవాటైతే శరీరం సర్దుకుంటుంది. మొదటి వారం పది రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకే నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె కొన్ని నెలల సాధన తర్వాత 60కి దిగొచ్చు. కండరాల లోపల శక్తిని తయారుచేసే చిన్న చిన్న కేంద్రాలు, వాటిని మైటోకాండ్రియా అంటారు, సంఖ్యలోనూ పనిలోనూ పెరుగుతాయి. సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో మనిషికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. "ఊపిరి అందేసింది" అని మావాడు అన్నది దీన్నే.

మానేస్తే? ఇదంతా అంత తొందరగానూ జారిపోతుంది. పరుగు ఆపిన రెండు మూడు వారాలకే దమ్ము తగ్గడం మొదలవుతుంది. కొన్ని నెలలకు దాదాపు మొదటికొస్తుంది. రెండేళ్ల కిందట ఆరున్నర నిమిషాల్లో కొట్టానన్న జ్ఞాపకం మనసులో ఉంటుంది కానీ కాళ్లలో ఉండదు. మనసు పాత లెక్కలో పరిగెత్తమంటుంది. చిక్కంతా అక్కడే.

కోటప్పకొండ దిగిన మర్నాడు

నొప్పి అనగానే అన్నీ ఒకటి కావు. మీలో చాలామంది శివరాత్రికి కోటప్పకొండ వెళ్లి ఉంటారు. ఘాట్‌రోడ్డు మీద బస్సులో కాకుండా మెట్ల దారిన ఎక్కి దిగినవాళ్లకి ఓ అనుభవం ఉంటుంది. ఎక్కేటప్పుడు ఆయాసం. దిగేటప్పుడు హాయి. ఆ రాత్రి బాగానే నిద్రపడుతుంది. మర్నాడు, ఆ మర్నాడు మాత్రం తొడలు పట్టేసి, అరుగు దిగాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

చిత్రమేమిటంటే ఆ నొప్పి తెచ్చింది ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు ఆపాల్సి వస్తుంది. అలా సాగుతూ పనిచేసినప్పుడు కండరపు పోగుల్లో సూక్ష్మమైన చీలికలు వస్తాయి. వాటిని బాగుచేసే పనిలో వాపూ నొప్పీ పుడతాయి. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువై, వారంలోపు పోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి నొప్పి పుడుతుందని మేం కూడా పిల్లలకి చెప్పేవాళ్లం. అది నిజం కాదు. ఆ లాక్టేటు పరుగు ఆపిన గంటా గంటన్నరలోనే రక్తంలోంచి వెళ్లిపోతుంది.

ఈ నొప్పి మంచిదే. బాగుచేసుకున్న కండరం మునుపటికంటే గట్టిపడుతుంది. నెలలోపు మళ్లీ కొండ ఎక్కి దిగి చూడండి, నొప్పి సగం కూడా ఉండదు.

మరి చెడ్డ నొప్పిని గుర్తుపట్టడం ఎలా? రెండు కాళ్లకీ సమానంగా ఉండి, కండంతా పాకి, కాస్త నడిస్తే తగ్గుతుంటే భయం లేదు. ఒక్క కాలికే, అదీ వేలితో చూపించగలిగినంత ఒక్కచోట, పరిగెత్తేకొద్దీ పెరుగుతూ, చివరకి రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది కండ నొప్పి కాదు. ఎముక పిలుస్తోందన్నమాట.

"ఎక్కడరా?" అని మావాణ్ని అడిగాను. పిక్కకు ముందువైపు ఎముక మీద, చీలమండకు జానెడు పైన, వేలు పెట్టి చూపించాడు. అర్థమైంది.

ఎముక లెక్క వేరు

ఎముకని రాయి అనుకుంటాం. కాదు. అది ఎప్పటికప్పుడు పాతది తీసేసి కొత్తది కట్టుకునే ఇల్లు. కొత్త బరువు పడగానే శరీరం ఏం చేస్తుందంటే, ముందు ఆ చోట పాత ఎముకను తవ్వేస్తుంది. దీనికి మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత కొత్త ఎముకతో పూడుస్తుంది. దానికి సుమారు మూడు నెలలు. అంటే తవ్వడం తొందర, పూడ్చడం నిదానం. కాబట్టి కొత్తగా కఠినమైన సాధన మొదలుపెట్టిన మూడో వారం, నాలుగో వారం వచ్చేసరికి ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే దమ్ము బాగా అందుతుంది కాబట్టి మనవాడు వేగం పెంచుతాడు. ఇల్లు మరమ్మతులో ఉండగా మిద్దె మీదకి ధాన్యం బస్తాలు ఎక్కించినట్లు.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైటౌప్ట్ అనే వైద్యుడు, కవాతులు చేసే సైనికులకు పాదాలు వాచి నొప్పి పుడుతోందని రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. 1890ల చివర్లో ఎక్స్‌రే వచ్చాక గానీ అది సన్నటి ఎముక పగులని తేలలేదు. ఇప్పటికీ సైన్యాల్లో కొత్తగా చేరినవాళ్లను ఇబ్బంది పెట్టేది ఇదే. దీన్ని 'స్ట్రెస్ ఫ్రాక్చర్' అంటారు. ఒక్క దెబ్బకి విరిగేది కాదు, వేల అడుగుల దెబ్బకి అరిగి పగిలేది.

పెద్ద క్రీడాకారులకూ తప్పదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన పి.వి.సింధు స్వర్ణం గెలిచింది గుర్తుందా? ఆ క్రీడల్లోనే ఎడమ కాలి నొప్పి మొదలైనా ఆడింది. తర్వాత స్కానింగ్ తీస్తే పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకోవాల్సి వచ్చింది. మళ్లీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో. ఫిజియోలూ డాక్టర్లూ పక్కనే ఉన్న సింధుకే అయిదు నెలలు పట్టింది. గురజాల పొలిమేరలో తారురోడ్డు మీద ఒంటరిగా పరిగెత్తే కుర్రాడికి ఎంత పట్టాలి?

నరసరావుపేటలో

సోమవారం బావా, నేనూ, మేనల్లుడూ పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట వెళ్లాం. ఎముకల డాక్టరుగారు నొక్కి చూశారు. ఒక్కచోట వాడు కెవ్వుమన్నాడు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. మావాడి మొహం వెలిగింది.

"బాబూ, సంతోషపడకు. ఇది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడదు" అంటూ ఎంఆర్‌ఐ రాశారాయన. తీయిస్తే పగులు పడబోయే దశలో ఉంది. ఆరువారాలు పరుగు మానాలన్నారు. దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు 30 నుంచి మొదలు. మావాడి తేదీ జనవరిలో. ఆరువారాలు పూర్తి కాకుండానే వచ్చేస్తుంది.

బయటికొచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాం. మావాడి స్నేహితుడెవడో ఫోన్లో చెబుతున్నాడు. "ఇంజక్షన్ చేయించుకుని కొట్టెయ్‌రా. ఎనిమిది నిమిషాలేగా."

ఎనిమిది నిమిషాలే. మగపిల్లలు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. అది అయ్యాక 100 మీటర్ల పరుగులోనో లాంగ్‌జంప్‌లోనో ఒకటి నెగ్గాలి. రెండేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం.

బావ నా వైపు చూశాడు. "నువ్వే చెప్పవయ్యా. నాకేం తెలుసు" అన్నాడు.

మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరుగారినే అడిగాను. ఆయన దాచలేదు. "పరిగెత్తితే విరగకపోవచ్చు. విరగనూవచ్చు. పూర్తిగా విరిగితే రాడ్డు వేయాలి, ఏడాది పోతుంది. నొప్పి తెలియకుండా ఇంజక్షన్ ఇవ్వమంటే మాత్రం నేనివ్వను. నొప్పే ఇప్పుడు వాడికున్న ఒక్క కాపలా" అన్నారు.

వద్దన్నాను. బావ తలూపాడు. మావాడు తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాతో నెలన్నర మాట్లాడలేదు.

గిత్తల్ని అడిగితే చెబుతాయి

ఆ రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు బావ ఓ మాటన్నాడు. మా పల్నాట్లో ఎడ్ల బండలాగుడు పోటీలు మీకు తెలుసు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని పళ్లను బట్టి విభాగాలుంటాయి. చిన్న గిత్తకి చిన్న బండ. బావ కుర్రతనంలో గిత్తల్ని మేపినవాడే.

"గిత్తని పందేనికి తయారుచేయాలంటే ముందు ఉత్త కాడితో తిప్పుతాం. తర్వాత దుక్కి, తర్వాత చిన్న బండ. ఒకరోజు లాగితే మర్నాడు కడిగి, ఉలవలు పెట్టి, చెట్టుకింద కట్టేస్తాం. అంతేగానీ రెండేళ్లు కొట్టంలో ఉన్న గిత్తని తీసుకొచ్చి మొదటిరోజే పెద్ద బండకి కడతామా? నా కొడుకుని మాత్రం కట్టాను" అన్నాడు.

వ్యాయామశాస్త్రం పుస్తకాల్లో ఉన్నదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. బరువు కొంచెం కొంచెంగా పెంచాలి. కష్టం తర్వాత విశ్రాంతి ఉండాలి. తిండి ఉండాలి. వయసుని బట్టి పని ఉండాలి. గట్టిపడేది పరిగెత్తేటప్పుడు కాదు, పరిగెత్తి పడుకున్నప్పుడు. సాధన తవ్వుతుంది, నిద్ర పూడుస్తుంది.

గోపీచంద్ మోకాలు

ఎముక తర్వాత ఎక్కువ దెబ్బతినేది మోకాలు. మన ఊళ్లలో కబడ్డీ ఆడేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. కూతకెళ్లినవాడు పాదం నేలకి తన్నిపెట్టి ఒక్కసారిగా ఒళ్లు తిప్పుతాడు. పాదం కదలదు, తొడ తిరుగుతుంది. మధ్యలో మోకాలి లోపల ఏటవాలుగా ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు పుటుక్కున తెగుతుంది. చాలాసార్లు ఎవరూ తగలకుండానే. 'టప్' మని శబ్దం వినిపించిందంటారు. రెండు మూడు గంటల్లో మోకాలు గుమ్మడికాయంత అవుతుంది. నాకూ ఇరవై రెండో ఏట అలాగే అయింది. ఇటుక కాపడం పెట్టి, కట్టు కట్టించారు. వాపు తగ్గింది. లిగమెంటు మాత్రం అతుక్కోలేదు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నన్ను అడిగే వంగుతుంది.

పుల్లెల గోపీచంద్ మనకు దూరం మనిషేం కాదు. పుట్టింది పాత ప్రకాశం జిల్లా నాగండ్లలో. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాయి. మంచం మీద నుంచి లేచి, తొడ కండరాన్ని మళ్లీ మొదటి నుంచి పెంచుకుంటూ వచ్చాడు. 1996లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 2001 మార్చి 11న ఆలిండియా కాదు, ఆలింగ్లండ్ టైటిలే గెలిచాడు. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత అది గెలిచిన రెండో భారతీయుడు. దెబ్బకీ గెలుపుకీ మధ్య ఏడేళ్లు.

ఈ కథ చెబితే కుర్రాళ్లు 'పట్టుదల ఉంటే చాలు' అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. పట్టుదల పరిగెత్తడానికే కాదు, ఆగడానికీ కావాలి. ఇవాళ ఏసీఎల్ ఆపరేషన్ అయిన ఆటగాణ్ని తొమ్మిది నెలల లోపు మైదానంలోకి దింపవద్దంటున్నారు. ముందే దిగినవాళ్లకి మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. కొత్తగా అమర్చిన లిగమెంటు లోపల రక్తనాళాలు పట్టి, గట్టిపడటానికి అంత సమయం పడుతుంది. కాలు నొప్పిలేదు కదా అని దానికి తొందర రాదు.

రెంటచింతల ఎండలో

మా అక్క ఊరికి రెంటచింతల ఎంతో దూరం లేదు. వేసవి వస్తే పత్రికల్లో ఎండల పట్టికలో పైన కనిపించే పేరది. అక్కడి కుర్రాళ్లు ఏప్రిల్, మే నెలల్లో పరిగెత్తాలంటే ఇంకో లెక్క ఉంది.

పరిగెత్తేటప్పుడు కండరాలు వాడే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే పోతుంది. ఆ వేడిని బయటికి పంపేది చెమట. శరీరం ఎండకి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అలవాటయ్యాక చెమట ముందుగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. అప్పటిదాకా రోజూ పావుగంటతో మొదలుపెట్టి పెంచాలి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఆట మధ్యలో నీళ్లు తాగితే పొట్ట పట్టేస్తుందని మా మాస్టార్లు మాకు చెప్పారు. నేను మా పిల్లలకి చెప్పాను. చాలా ఏళ్లు నీళ్లు తాగనివ్వకుండా రౌండ్లు కొట్టించాను. ఓ మార్చి మధ్యాహ్నం ఓ పిల్లవాడు పరిగెత్తుతూ పరిగెత్తుతూ, వరస తప్పి గోడవైపు నడిచాడు. పేరడిగితే చెప్పలేకపోయాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. అదృష్టం బాగుండి పక్కనే బోరింగు ఉంది. ఇద్దరు పిల్లలు కొట్టారు, దాని కింద కూర్చోబెట్టాం, తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్లాం. బతికి బట్టకట్టాడు. ఆ రోజు నుంచి నా విజిల్‌తో పాటు నీళ్ల బిందె కూడా మైదానంలోకి వచ్చింది.

గుర్తుంచుకోండి. ఎండలో పరిగెత్తేవాడు తడబడినా, పిచ్చి సమాధానాలు చెప్పినా, అది ఎండదెబ్బ. ముందు చన్నీళ్లతో ఒళ్లు చల్లార్చాలి, ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆ తర్వాత. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు. ఇంకో మాట. చెమటలు కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు నొప్పి బిళ్లలు వేసుకుని పరిగెత్తితే మూత్రపిండాలకు ముప్పు.

ఇంట్లో ఉన్నవాళ్లకి నాలుగు మాటలు

ఇంట్లో కొడుకో కూతురో ఇలాంటి పరీక్షలకు తయారవుతుంటే ఇవి చూసుకోండి.

నోటిఫికేషన్ వచ్చాక కాదు, రాకముందే మొదలుపెట్టించండి. మూడు నాలుగు నెలలు చేతిలో ఉండాలి. మొదటి రెండు వారాలు నడక, మధ్యమధ్య రెండేసి నిమిషాల పరుగు. వారానికి నాలుగు రోజులు చాలు, రోజు విడిచి రోజు. ఈ వారం పరిగెత్తిన దూరం మీద వచ్చేవారం పదోవంతుకు మించి పెంచకపోతే మేలు. ఇది తూచి చెప్పిన సూత్రం కాదు, పెద్దల మాటలాంటిది. కానీ తొందరకి కళ్లెం వేస్తుంది.

తారురోడ్డు కంటే మట్టినేల నయం. అరిగిపోయిన బూట్లు పారేయండి. వారానికి రెండుసార్లు గుంజీలు, మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద నిలబడటం చేయిస్తే మోకాలికీ చీలమండకీ కాపుదల. పరుగుకు ముందు పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించాలి.

వేగం లెక్క కూడా చెబుతాను. ఎనిమిది నిమిషాల్లో 1600 మీటర్లంటే 400 మీటర్ల రౌండు రెండు నిమిషాల్లో. ఆడపిల్లలకు ఇచ్చింది పదిన్నర నిమిషాలు, అంటే రౌండు రెండున్నర నిమిషాలకు కాస్త పైన. మొదటి రౌండు గాలిలో తేలి, మూడో రౌండులో కూలబడే పిల్లల్ని వందలమందిని చూశాను. నాలుగు రౌండ్లూ ఒకేలా పరిగెత్తడం నేర్పండి.

తిండి తగ్గించి పరిగెత్తేవాళ్లకి ఎముకలు తొందరగా పగులుతాయి. జొన్నరొట్టె, రాగిసంగటి, పాలు, పెరుగు, పప్పు, గుడ్డు, ఏది కుదిరితే అది కడుపునిండా పెట్టండి. ఆడపిల్లలకి సాధన మొదలయ్యాక నెలసరి ఆగిపోతే 'పరుగు వల్లలే' అని ఊరుకోకండి. ఒంటికి తిండి చాలడంలేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని అది చెప్పే కబురు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

కాలు మడతపడితే మొదటి రెండు రోజులు కాపడం, గట్టి మర్దనా వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంటసేపు, బ్యాండేజీ, కాలు ఎత్తున పెట్టడం. నాలుగడుగులు వేయలేకపోతే, కీలు వంకర కనపడితే, గంటల్లోనే బాగా వాస్తే ఎక్స్‌రే తప్పదు. పరిగెత్తుతుండగా గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయిన చరిత్ర ఉన్నా, గుండె పరీక్ష చేయించాకే మళ్లీ మైదానంలోకి.

ఇప్పుడు

మావాడికి ఆ ఉద్యోగం రాలేదు. వాడితో పాటు పరిగెత్తిన ఇద్దరికి వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొస్తే అక్క నవ్వుతూనే తీసుకుంది, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఇంజక్షన్‌తో పరిగెత్తించి ఉంటే ఏమయ్యేదోనని నేనూ చాలా రాత్రులు అనుకున్నాను. పాసయ్యేవాడేమో. ఇలాంటి లెక్కలకి జవాబు ఏ స్కానింగులోనూ కనపడదు.

ఆరువారాలు గడిచాక వాణ్ని మళ్లీ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. నొక్కితే నొప్పి లేదు. ముందు సైకిలు, తర్వాత నడక, తర్వాత చెరువుకట్ట మీద నిమిషం పరుగు, నిమిషం నడక. మొదట్లో నా మీద కోపంతోనే చేశాడు. తర్వాత తర్వాత మామూలయ్యాడు.

పోయిన నెల వెళ్లినప్పుడు తెల్లవారుజామున వాడి వెంట నేనూ చెరువుకట్టకి వెళ్లాను. నా మోకాలు నడకకే ఒప్పుకుంటుంది కాబట్టి చింతచెట్టు కింద కూర్చుని గడియారం చూశాను. ఏడు నిమిషాల పది సెకన్లు. చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందంట్రా?" అన్నాను.

"ఎప్పుడైనా రానీ మావయ్యా. రేపు నాకు సెలవు రోజు" అన్నాడు.